ఓడ దిగినవాని ఊరు

భారతమున విరాటపర్వములో, ఉత్తరగోగ్రహణ సమయమున, ఒక లెక్క వచ్చును. పండ్రెండేండ్ల అరణ్యవాసమును, ఒక యేటి అజ్ఞాతవాసమును ముగించి పాండవులు తమ భాగమును కోరవలసిన తరుణమది. అర్జునుడు బయటపడగనే దుర్యోధనుడు గడువింకను తీరలేదనియు, కావున మరల పండ్రెండేండ్లు అడవికి పోవలసినదేయనియు వాదించెను. అంతట భీష్ముడు అయిదేండ్లకు రెండు అధికమాసముల చొప్పున గణితము చెప్పి, గడువు తీరుటయే గాక మీద కొన్ని దినములు కూడ గడచినవని తేల్చెను. లెక్క సరిపోయినను వారికి రాజ్యము దక్కలేదు. అది వేరు కథ. రామాయణమున మరియొక విధమైన రాక కలదు. పదునాలుగేండ్ల పిమ్మట శ్రీరాముడు అయోధ్యకు మరలివచ్చినపుడు నీవెవడవని యడిగినవారు లేరు. భరతుడు పాదుకలను సింహాసనముపై నుంచి, అన్న చోటును అన్నకై కాపాడియుండెను.

ఊరు విడిచిపోయి తిరిగివచ్చువాని కథ లోకమున ఈ రెండు విధములుగానే నడచుచున్నది. చోటు కాచియుంచిన ఊరు కొందరికి లభించును. తక్కినవారు లెక్క చూపవలెను, సాక్ష్యము తేవలెను, తాము తామేయని ఋజువు చేసికొనవలెను.

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఇట్టి విషయమేల యని కొందరు చదువరులకు తోచవచ్చును. పరదేశమున నిలువ నీడ పోగొట్టుకొని వచ్చినవానికి సాయము చేయుదుమని ప్రభుత్వములు పలుమారులు చాటినవి. ఆ సాయము వాని చేతికందుటయో, అందకపోవుటయో, ప్రతిసారియు ఒక కాగితముపైనను, ఆ కాగితమునకు ఆధారమైన ఊరివారి మాటపైనను నిలిచినది. నూటయరువది యేండ్లకు పైబడిన తెలుగువారి వలస చరిత్ర చెప్పు పాఠమిదియే. కాగితమును చదువుటయు, వ్రాయుటయు, భద్రపరచుటయు గ్రంథాలయపు పనులే గదా.

1. నేటాలు ఓడలు

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి పోయి దక్షిణాఫ్రికాలోని నేటాలు దేశపు డర్బన్ రేవు చేరెను. చెరకు తోటలలో ఒప్పందముపై పనిచేయుటకు మన దేశమునుండి అచ్చటికి పోయిన కూలీలలో మొదటివారు ఆ యోడలోనివారే. అది మొదలు 1911వ సంవత్సరము వరకు 1,52,184 మంది అట్లు పోయిరి. వారిలో హెచ్చుమంది చెన్నరాజధానివారు. తమిళులతోపాటు తెలుగువారును అందు పెక్కుమంది.

ఓడయెక్కు ప్రతివాని పేరును పట్టికలో వ్రాసెడివారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపైగల పుట్టుమచ్చలు, మానిన గాయముల గుర్తులు, ఇవియన్నియు ఆ పట్టికలలో కలవు. అవి దక్షిణాఫ్రికాలో నేటికిని నిలిచియున్నవి. పోవువానిని అంత శ్రద్ధగా వ్రాసికొన్నారు. వాడు తిరిగివచ్చినపుడు చేర్చుకొనుటకు మాత్రము వాని ఊర ఏ పట్టికయు సిద్ధముగా లేకపోయెను.

ఒప్పందము అయిదేండ్లకు. పదియేండ్లు ఆ దేశమున గడపినవానికి స్వదేశమునకు ఉచిత ప్రయాణపు హక్కు కలదని షరతు. అనగా తిరిగివచ్చుట దయ కాదు, చేసిన కాయకష్టమునకు ముందుగా కుదుర్చుకొన్న ప్రతిఫలములో భాగము. కాని 1895లో నేటాలు ప్రభుత్వము వేరొక శాసనము చేసెను. ఒప్పందము ముగిసిన పిదప మరల ఒప్పందము చేసికొనక, స్వదేశమునకును పోక, అచ్చటనే నిలువదలచినవాడు ఏటేట మూడు పౌనుల పన్ను కట్టవలెను. కూలివానికి అది మోయరాని బరువు. గాంధీ మహాత్ముడు 1913లో నడిపిన సత్యాగ్రహమున ఈ పన్ను ముఖ్యవిషయములలో ఒకటి. 1914లో అది రద్దయ్యెను. అయితే ఆ 1914నాటి శాసనముననే మరియొక ఏర్పాటు కలదు. ఆ దేశముననుండు హక్కును వదలుకొన్నవానికి ప్రయాణపు ఖర్చు ప్రభుత్వమే భరించును. పొమ్మనలేక పొగబెట్టుట యనగా నిదియే.

1927లో కేపుటౌను ఒడంబడిక జరిగెను. దాని ప్రకారము స్వచ్ఛందముగా మన దేశమునకు మరలిపోవువారికి పెద్దలకు ఒక్కొక్కరికి 20 పౌనులు, పదునారేండ్లలోపు పిల్లలకు 10 పౌనులు బహుమానముగా నిచ్చుటకును, పనిచేయు శక్తి లేని వృద్ధులకు పింఛను నిచ్చుటకును దక్షిణాఫ్రికా ప్రభుత్వము సమ్మతించెను. వచ్చినవారి యోగక్షేమములు చూచుట తన బాధ్యతయని భారత ప్రభుత్వము అంగీకరించెను. ఆ రొక్కము మోసగాండ్ర పాలుగాకుండ కాపాడుటకును, తగిన పని చూపుటకును చెన్నపట్టణమున ప్రత్యేకోద్యోగిని నియమించిరి. పరదేశమునుండి మరలివచ్చినవానికి సంక్షేమము చూచుట రాజ్యధర్మమని రెండు ప్రభుత్వములు కాగితముపై ఒప్పుకొనుట, మన చరిత్రలో గుర్తుంచుకొనదగిన సంగతి.

ఆచరణమెట్లున్నది? దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా మొదట శ్రీనివాసశాస్త్రియు, 1929 నుండి 1932 వరకు తెలుగువాడైన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడును పనిచేసిరి. వెంకటరెడ్డి నాయుడు ఆ పదవిలోనుండగనే, 1931లో, భవానీదయాళ సన్యాసియు బనారసీదాస చతుర్వేదియు తిరిగివచ్చినవారి స్థితిగతులను విచారించి ఒక నివేదికను ప్రకటించిరి. భవానీదయాళుడు ఒప్పంద కూలీల బిడ్డగా జొహాన్నెస్‌బర్గు నగరమున జన్మించినవాడు; పరాయి మాట వ్రాసినవాడు కాడు. ఆ నివేదిక చెప్పిన దుఃఖము ఇది. వచ్చినవారిలో ఎందరికో పని దొరకలేదు. తెచ్చిన రొక్కము కొలది కాలములోనే కరిగిపోయెను. సముద్రము దాటి వచ్చినవారని బంధువులు పంక్తిలో కూర్చుండనీయలేదు. అచ్చట పుట్టిన పిల్లలకు ఇచ్చటి నీరు, ఎండ, జ్వరములు సరిపడలేదు. మరల ఆ దేశమునకే పోవలెనని తపించినవారే యెక్కువ.

ఇట్టిదే కలకత్తాలోను జరిగెను. ఫిజీ, ట్రినిడాడు, బ్రిటిషు గయానా మొదలగు చోట్లనుండి మరలివచ్చిన ఉత్తరాదివారు తమ గ్రామములకు పోయి, అచ్చట చోటు దొరకక, 1920 ప్రాంతమున మటియాబ్రూజు అను రేవుపేటలో గుంపులుగా చేరిరి. సముద్రము దాటించిన ఓడ తిరిగి యెక్కించుకొనునేమోయని ఎదురుచూచుచు, మురికివాడలలో వ్యాధులతో కాలము గడపిరి. పరదేశమున ఇల్లు లేదు, స్వదేశమున ఊరు లేదు. ప్రభుత్వము తప్పు కొంత, దళారుల తప్పు కొంత. కాని ఊరివారు తలుపు వేసికొన్న తప్పు ఎవరి ఖాతాలో వ్రాయవలెను? చరిత్ర చదువువారు ఈ ప్రశ్నను దాటిపోరాదు.

1932లో రెండు ప్రభుత్వములవారు మరల కూర్చుండి ఆలోచించినపుడు, దక్షిణాఫ్రికాలోని భారతీయులలో నూటికి ఎనుబదిమంది అచ్చట పుట్టినవారేయనియు, ఇక ఈ మరలింపు పథకమువలన ప్రయోజనము లేదనియు ఒప్పుకొనవలసివచ్చెను.

2. రంగము దారి

తెలుగువారికి నేటాలు దూరపు పేరు. రంగము మాత్రము ఇంటి పేరువంటిది. ఉత్తరాంధ్ర జిల్లాలలోను గోదావరి మండలములోను, రంగము పోయివచ్చిన తాతనో ముత్తాతనో యెరుగని ఊరు అరుదు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులలో ఓడయెక్కి రంగూను పోయినవారు అచ్చటి ఓడరేవులో మూటలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి, వీధులు ఊడ్చిరి. మేస్త్రీ ముందు రొక్కమిచ్చి తీసికొనిపోవును. ఆ బాకీ తీరువరకు కూలివాడు మేస్త్రీ చేతిలోనివాడు. గోదావరీ ముఖమునగల కోరంగి రేవు పేరుమీదుగా బర్మాలో తెలుగువారిని కోరంగీలనిరి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగర జనాభా నాలుగు లక్షలు; అందులో సగముకంటె ఎక్కువమంది భారతీయులు.

బర్మా అప్పుడు భారత సామ్రాజ్యములోని ఒక రాష్ట్రము. 1937 ఏప్రిలు 1వ తేదీన అది వేరు దేశమయ్యెను. అనగా కూలివాడు కదలకుండగనే వాని కాలి క్రింది నేల పరదేశమైపోయెను. ఆ మార్పునకు ముందే గాలి మారినది. 1930 మే మాసాంతమున రేవుకూలీల సమ్మె ముగియుటతో తెలుగు కూలీలకును, వారికి బదులుగా తీసికొన్న బర్మా కూలీలకును కలహము పుట్టి నగరమంతట వ్యాపించెను. ఎందరో చనిపోయిరి. వేలకొలది తెలుగువారు తమ నివాసములను విడిచి, ఖాళీగానున్న పాత పిచ్చాసుపత్రి ఆవరణములో తలదాచుకొనిరి. ఏ నగరపు రేవును తమ భుజములమీద నడపిరో ఆ నగరముననే వారు నిలువ నీడలేనివారైరి. 1938లో మరల అల్లరులు చెలరేగినవి.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరము జపాను వశమయ్యెను. ఓడలలో చోటు కొద్దిమందికే దొరికెను. తక్కినవారు నడచిరి. కొందరు ప్రోము చేరి, ఐరావతీ నదిని దాటి, టాంగుపు కనుమగుండ ఆరకాను తీరమునకు పోయిరి. ఆ దారిని కలరా వెంటాడినది. మరికొందరు మాండలే, కలేవా, టమూ మీదుగా మణిపురము చేరి, ఇంఫాలునుండి దిమాపూరు రైలు స్టేషనుకు వచ్చిరి. ఇంకను ఉత్తరమున హుకాంగు లోయగుండ లీడోకు చేరిన దారి, వానకాలమున అన్నింటికంటె ఘోరము. నాలుగు లక్షలకు పైబడి జనులు ఈ విధముగా భారతభూమి చేరిరని అంచనా. దారిలో రాలిపోయినవారు వేలకొలది. వారి లెక్క సరిగా ఎవరును వ్రాసియుంచలేదు.

టమూ దారిలో తెల్లవారికొక మార్గము, నల్లవారికొక మార్గము కేటాయించిరను ఆరోపణ దేశమంతట మారుమ్రోగెను. వైస్రాయి సభలో ప్రవాస భారతీయుల వ్యవహారములు చూచుచుండిన మాధవ శ్రీహరి అణేయు, పండిత హృదయనాథ కుంజ్రూయు అచ్చటికి పోయి స్వయముగా విచారించిరి. అస్సాము తేయాకు తోటలవారు దారిలో మకాములు నిర్మించి అన్నము పెట్టిరి. కలకత్తాలో మార్వాడీ సహాయ సంఘమువంటి ధర్మసంస్థలు ఆదుకొనినవి. కాందిశీకులకు భారత ప్రభుత్వము కొంత ధనసాయము చేసెను.

విధి వైపరీత్యము చూడుడు. ఈ జనులు ఇల్లు చేరుచుండిన రోజులలోనే, 1942 ఏప్రిలు 6వ తేదీన, విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడినవి. బాంబులకు భయపడి రంగము విడిచినవాడు తన రేవు చేరుసరికి అచ్చటి జనులే బండ్లు కట్టి లోపలి ఊళ్ళకు పోవుచుండిరి. ఇల్లు చేరుట యనగా నేమో తెలియని కాలమది.

సాయము కోరువాడు బర్మాలో తానెక్కడ పనిచేసినది, ఎంత పోగొట్టుకొన్నది చెప్పవలసియుండెను. అడవిదారిలో బిడ్డను భుజముపై వేసికొని నడచినవాడు బరువని మొదట పారవేసినది పెట్టెను. పెట్టెలోనే కాగితములు. కాగితములున్న వర్తకులును, గుమాస్తాలును తమ మాట చెప్పుకొనగలిగిరి. వ్రేలిముద్ర తప్ప మరేమియు లేని రేవుకూలికి తన బ్రతుకుకు తన నోరే సాక్షి. యుద్ధము ముగిసిన పిదప వారిలో పలువురు మరల రంగము పోవనెంచిరి. 1947నాటి బర్మా శాసనము అనుమతి పత్రము గాని, తగిన ముద్రగల పాస్‌పోర్టు గాని లేనిదే ప్రవేశము లేదనెను. ముప్పదియేండ్లు మూటలు మోసిన రేవే, కాగితము లేదని వెనుకకు త్రిప్పినది.

3. 1964: రెండవ రాక

1948 జనవరి 4వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. 1962 మార్చి 2వ తేదీన సేనాని నే విన్ అధికారమును చేజిక్కించుకొనెను. 1963లో బ్యాంకులను, 1964 మార్చిలో రంగూనులోని అంగళ్ళను ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. అదే సంవత్సరము మే 17వ తేదీన 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించిరి. చెమటోడ్చి దాచుకొన్న నోటు ఒక్క రాత్రిలో చిత్తుకాగితమయ్యెను. అంగడి పోయి, పని పోయి, కొందరికి అద్దె యిల్లును పోయి, లక్షకు పైబడిన భారతీయులు ఆ దశకమున ఓడలపైనను విమానములపైనను స్వదేశమునకు వచ్చిరి. నగలును రొక్కమును వెంట తెచ్చుకొనుటకు కఠినమైన హద్దులుండెను. మూడుతరములుగా అచ్చట పుట్టి పెరిగినవారు సహితము అందులో కలరు.

వారిలో అధికభాగము తమిళదేశమునకు చేరిరి. ఆంధ్రప్రదేశమునకు వచ్చినవారు ఉత్తర జిల్లాలలోను ఇతర పట్టణములలోను స్థిరపడిరి. విశాఖపట్టణమున కంచరపాలెము చెంత బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. మకాము తాత్కాలికము, పేరు శాశ్వతము.

1942 నాటికిని 1964 నాటికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. ఈమారు వచ్చినవారు స్వతంత్ర భారత పౌరులుగా వచ్చిరి. సాయము దయాధర్మముగా గాక నియమబద్ధముగా నేర్పడెను. 1963 జూన్ 1వ తేదీననో, ఆ తరువాతనో బర్మానుండి వచ్చినవారిని కాందిశీకులుగా గుర్తించిరి. దిగినవెంటనే మకాము, స్వల్ప ధనసాయము, వ్యాపారమునకును ఇంటికిని అప్పు, ప్రభుత్వోద్యోగములకు వయోపరిమితిలో సడలింపు, ఇవి ఏర్పాటులు. పరీక్షల ప్రకటనలు చదివిన వెనుకటి తరమువారికి బర్మానుండి వచ్చినవారికి మూడేండ్ల సడలింపు అను పంక్తి జ్ఞాపకముండును. 1969లో చెన్నపట్టణము కేంద్రముగా, బర్మా, సింహళ కాందిశీకుల పునరావాసముకొరకు రెప్కో అను సహకార బ్యాంకు నెలకొల్పబడెను. కేంద్ర ప్రభుత్వముతోపాటు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళ, కర్ణాటక ప్రభుత్వములును అందు భాగస్వాములైనవి. దిక్కులేనివారిగా ఓడ దిగినవారు తామును వాటాదారులైన బ్యాంకు అది. సాయము పొందువానిని యాచకునిగా గాక భాగస్వామిగా చూచిన ఈ పద్ధతి మెచ్చదగినది.

అయితే ఈ హక్కులన్నింటికిని ముందు గుమ్మము ఒకటి కలదు. ఉద్యోగమున సడలింపు కోరువాడు రంగూనులోని భారత రాయబార కార్యాలయము ఇచ్చిన గుర్తింపు పత్రమునో, తాను నివసించు ప్రాంతపు జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చిన ధ్రువపత్రమునో చూపవలెను. మొదటిది విడిచిపోయిన దేశమున పుట్టిన కాగితము. రెండవది చేరిన దేశమున పుట్టవలసిన కాగితము. మేజిస్ట్రేటు తహసీల్దారును అడుగును. తహసీల్దారు గ్రామోద్యోగులను అడుగును. గ్రామోద్యోగి ఊరి పెద్దలను అడుగును. ఫలానావాని మనుమడు వీడే, వీని తాత ఫలానా యేట రంగము పోయినాడు, ఆ దిబ్బమీద వారి యిల్లుండెడిది అని చెప్పు ముసలివాడొకడు ఆ ఊర బ్రతికియుండవలెను. ఢిల్లీలో చేసిన ఉత్తరువు ఆ ముసలివాని జ్ఞాపకముపై వచ్చి ఆగినది. అతడు భీష్మునివలె నిజము చెప్పినచో ఒక కుటుంబము నిలబడును. దాయాదుల పొలము తగవుకు వెరచి తెలియదనినచో ఆ కుటుంబము మరల రోడ్డున పడును.

4. ఎడారి గుడారములు

రంగము దారి మూసికొనిపోయిన పిదప ఎడారి దేశముల దారి తెరచుకొన్నది. కరీంనగరము, నిజామాబాదు మండలములనుండియు, కడప, గోదావరి జిల్లాలనుండియు పురుషులును స్త్రీలును గల్ఫు దేశములకు పోయిరి. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినవి. అచ్చటి భారతీయులు ఇరాకు మీదుగా జోర్డాను సరిహద్దుకు చేరి, ఎడారిలో గుడారములలో పగటి యెండకును రాత్రి చలికిని ఓర్చి, తమ వంతుకై కాచుకొనిరి. అమ్మాను నగరమునుండి బొంబాయికి ఎయిరిండియా విమానములు రెండు మాసములపాటు తిరిగి, సుమారు 1,70,000 మందిని చేర్చినవి. పౌర విమానములతో జరిగిన మరలింపులలో అంతటిది అంతకుముందు లేదు.

తదుపరి జరిగినది ఈ చరిత్రలో క్రొత్త ఘట్టము. 1991లో ఐక్యరాజ్యసమితి జెనీవాలో ఒక నష్టపరిహార సంఘమును స్థాపించెను. ఇరాకు చమురు అమ్మకపు రాబడిలో కొంత భాగమును తీసి, ఇల్లు వాకిలి విడిచి రావలసివచ్చినవారికి చెల్లించుట దాని పని. కువైటునుండి గాని ఇరాకునుండి గాని తరలిపోవలసివచ్చినందుకు ఒంటరివానికి 2,500 డాలర్లు, కుటుంబమునకు 5,000 డాలర్లు. వేరు తరగతులలో కోరిక పెట్టుకొననివారికి వరుసగా 4,000, 8,000 డాలర్లు నిర్ణయించిరి. కూలివానికిని వర్తకునికిని ఒకే కొలమానము. కోరికలను ఎవరికి వారు గాక తమ తమ ప్రభుత్వముల ద్వారా పంపవలెను. లక్షలాది దరఖాస్తులను ఒక్కొక్కటిగా విచారించుట అసాధ్యము గనుక, ఆ సంఘమువారు రాకపోకల నమోదులను, ప్రయాణికుల జాబితాలను కంప్యూటరులో కూర్చి పేర్లను సరిపోల్చిరి. జాబితాలో పేరున్నవాడు గట్టెక్కెను.

1942లో అడవిలో పడిపోయినవాని పేరు ఏ జాబితాలోను లేదు. 1990లో విమానమెక్కినవాని పేరు జాబితాలో చేరినందున వాని బిడ్డలకు కొంత సొమ్ము చేరినది. రెండు కాలముల నడుమగల తేడా ప్రభుత్వముల దయలో ఎంతయో, వ్రాసియుంచిన పట్టికలోను అంతయే.

కువైటు కథ ముగిసినను ఎడారి కష్టములు ముగియలేదు. యజమాని పాస్‌పోర్టును తనయొద్దనే యుంచుకొని జీతమీయనపుడు బయటికి వచ్చిన కార్మికుని తెలంగాణ పల్లెలలో ఖల్లివెల్లి అందురు. అట్టివాడు తోటలలోను వంతెనల క్రిందను పండుకొని, దొరికిన కూలి చేసికొని, క్షమాభిక్ష ప్రకటన కొరకు ఎదురుచూచును. 2018లో కువైటును, అరబ్బు సమాఖ్య దేశమును అట్టి క్షమాభిక్షలను ప్రకటించినవి. అప్పుడు రాయబార కార్యాలయము పాస్‌పోర్టునకు బదులుగా ఒకే ప్రయాణమునకు పనికివచ్చు పత్రమునిచ్చును. దానిని మనవారు అవుట్‌పాసు అందురు. 2009లో భారత ప్రభుత్వము విదేశ రాయబార కార్యాలయములలో భారతీయ సంక్షేమ నిధిని ఏర్పరచెను. ఆపదలోనున్నవారికి తాత్కాలిక వసతికిని, విమానపు ఖర్చుకును అది ఉపకరించును. ఆ నిధి ఉన్నదని తెలియక అప్పు చేసి టిక్కెట్టు కొన్నవాడు వడ్డీ కట్టుచునే యుండును.

5. ఊరు చేయదగినది

ఇంత చరిత్రను చూచిన పిదప ఒక విషయము తేటపడును. పరదేశమున నీడ తప్పినవానికి దారిలో అన్నము పెట్టువారు ఎవరో ఒకరు దొరికిరి. ఓడయో, రైలో, విమానమో ఎక్కించినవారును కలరు. కష్టము హెచ్చినది ఊరు చేరిన తరువాతనే. ఏలయనగా దీర్ఘకాలము ఊర లేనివాని పేరు రేషను కార్డునుండియు, ఓటర్ల జాబితానుండియు తొలగిపోవుట కద్దు. ఇల్లు పడిపోయియుండును. పొలము దాయాదుల సాగులో నుండును. సాయము కోరి పోయినచోట నీ నివాసమెక్కడ అని మొదటి ప్రశ్న. వాని దుఃఖమే ఆ ప్రశ్నకు జవాబు లేకపోవుట.

ఊరివారి నోట కూడ మొదటి ప్రశ్న యొకటి యుండును. ఏమి తెచ్చినావు? ఉంగరము తెచ్చినవానికి పీట వేయుదురు. వట్టి చేతులతో వచ్చినవాడు మొగము చాటు చేసికొని, చీకటిపడిన తరువాత ఊరిలో అడుగు పెట్టును. సిగ్గుచేత దరఖాస్తు పెట్టనివారు, అనర్హులై పోగొట్టుకొన్నవారికంటె తక్కువవారు కారు. మటియాబ్రూజులో గుడిసెలు వేసికొన్నవారిని అచ్చటికి తరిమినది ఈ ప్రశ్నయే గదా. అది కులమను పేర అడిగిరి. ఇది ధనమను పేర అడుగుచున్నారు.

కావున ఊరు చేయదగిన పనులు పెద్దవి కావు. ప్రయాణమగువాడు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రము, వీని నకళ్ళను ఇంటనొకటి, నమ్మకమైన మరియొక చోట నొకటి ఉంచి పోవలెను. పెట్టె పోయినను నకలు మిగులును. జాబితాలు సవరించునపుడు ఫలానావాడు ఊరు విడిచి స్థిరముగా పోయినాడా, కూలికి పోయినాడా యని ఇరుగుపొరుగువారు నిజము చెప్పవలెను. తిరిగివచ్చినవానికి దరఖాస్తు వ్రాసిపెట్టువాడు, వెంటబెట్టుకొని కార్యాలయమునకు తీసికొనిపోవువాడు ఒకడు కావలెను. ఏ పథకము ఎవరికి వర్తించునో తెలిసికొని, చదువురానివారికి చదివి వినిపించువాడు కావలెను.

ఇవి గ్రంథాలయమునకు క్రొత్త పనులు కావు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ సమావేశమై, అయ్యంకి వెంకటరమణయ్యవంటివారు ఉద్యమమును నడపిన నాటినుండియు, పత్రికలను పదిమందికి చదివి వినిపించుట, అక్షరము రానివానికి అక్షరము నేర్పుట గ్రంథాలయపు ధర్మములుగానే యెంచబడినవి. బీరువాలలో పుస్తకములు పెరిగినంతమాత్రమున గ్రంథాలయము పెరిగినట్లు కాదు. ఓడ దిగినవాడు, విమానము దిగినవాడు, ఎవరి గుమ్మము తొక్కుటకును మొగము చెల్లనపుడు, నిస్సంకోచముగా వచ్చి కూర్చుండగల అరుగు ఊర నొకటి యుండవలెను. అది గ్రంథాలయపు అరుగైనచో అంతకంటె సార్థక్యము వేరే లేదు.

భరతునివంటి తమ్ముడు అందరికి దొరకడు. భీష్మునివలె లెక్క తప్పక చెప్పు పెద్ద యొక్కడైనను ప్రతి ఊరను ఉండవచ్చును. అతడు వ్రాసియుంచిన లెక్కను నిలుపు చోటు గ్రంథాలయము. ఇరువదియైదేండ్లు నిండిన ఈ సంస్థ అట్టి లెక్కలకు నిలయమై, తిరిగివచ్చువారికి ఊరివారి మొదటి ప్రశ్న క్షేమమా అనునదే యగునట్లు చేసి, చిరకాలము వర్ధిల్లుగాక.